గడియలో వాడే పువ్వు

ధూమగిరి కోట వాకిట్లో, ఆకుపచ్చ తలపాగా చుట్టుకుని, పెదవి మీద అతికించుకున్న మీసం చెమటకు జారిపోకుండా మాటిమాటికీ అదుముకుంటూ నిలబడిన మాలాకారుడు మకరందుడు నిజానికి మగవాడు కాడు. రత్నమేఖల రాజ్యపు ఆస్థాన మాలాకారుడు దవనయ్య కూతురు కేతకి. ఆమె వెనక నీళ్ల కావడి భుజాన వేసుకుని మూగవాడిలా నిలబడ్డ భారీ మనిషి తలారి గండన్న. దవనయ్య కుడిచేతి బొటనవేలిని నరికినవాడు అతడే.

అది జరిగి రెండు నెలలైంది. రాకుమారి చారుమతి పట్టాభిషేకం నాడు దవనయ్య వెయ్యి మూరల పూలపందిరి వేశాడు. జాము తిరగకముందే ఆ పందిరి మొత్తం నల్లబడి జలజలా రాలింది. రాకుమారి మెడలోని దండ వాడిన క్షణాన్నే ఆమె సింహాసనం మీద ఒరిగిపోయింది. మళ్లీ కళ్లు తెరవలేదు. జయవరాహ మహారాజు విచారణ అన్న మాటే ఎత్తలేదు. "నా బిడ్డ మెడలో చచ్చిన పూలు వేశాడు!" అని సభ దద్దరిల్లేలా అరిచి, దండ కట్టే చేతికి బొటనవేలు లేకుండా చేశాడు.

ఇది ధూమగిరి మాంత్రికుడు భస్మజిహ్వుడి ప్రయోగమని రాజవైద్యుడు కనిపెట్టేసరికి ఆలస్యమైపోయింది. మాంత్రికుడి తోటలో పూసే నీలజ్వాల పువ్వును, దాని పరిమళం ఆరకముందే రాకుమారి ముక్కు దగ్గర పెడితే ఆమె లేస్తుందన్నాడు వైద్యుడు. కాని ఆ పువ్వు కోసిన గడియలో వాడుతుంది. ధూమగిరికీ రత్నమేఖలకూ మధ్య మూడు రోజుల స్వారీ. కత్తులు కట్టుకుని వెళ్లిన ముగ్గురు వీరుల్లో ఇద్దరు తిరిగి రాలేదు. మూడోవాడు తెచ్చింది కాలిన ఒత్తిలాంటి కాడ.

అప్పుడు గుర్తొచ్చింది మహారాజుకు మాలాకారుల వీధి. "పూలవాళ్ల వల్ల వచ్చిన చేటు పూలవాళ్లే తీర్చాలి. పదిహేను రోజుల్లో పువ్వు రాకపోతే మీ నాన్న ఎడమచేతి బొటనవేలు కూడా తీయిస్తా" అని కేతకికి చెప్పి, దవనయ్యను చెరలో పెట్టించి, ఆమె పారిపోకుండా కాపలాకు అదే తలారిని తోడు పంపాడు.

దారి పొడవునా కేతకి అతనితో మాట్లాడింది పది మాటలు. అందులో ఎనిమిది తిట్లే.

"లోపలికెళ్లాక నోరు తెరిచావో, నేనే నిన్ను మాంత్రికుడికి అప్పగిస్తా" అంది ఇప్పుడు పళ్ల బిగువున.

"మూగవాణ్ని కదమ్మాయీ, ఎట్టా తెరుస్తా" అని గొణిగాడు గండన్న.

కోట తలుపులు కిర్రుమన్నాయి.

ధూమగిరి కోటను చూసినవాళ్లలో దాన్ని వర్ణించడానికి బతికి వచ్చినవాళ్లు తక్కువ. నల్లరాతి బురుజుల మీద నుంచి పొగ జలపాతంలా కిందికి జారుతూ ఉంటుంది. ఆ పొగ నేల తాకే చోట మాత్రం, ఎవరూ నమ్మలేని తోట. ఏనుగు చెవులంత ఆకులున్న అరటిబోదెలు, తేనెరంగు సంపెంగలు, పగడాలు గుచ్చినట్టున్న కరవీరాలు, చంద్రకాంత శిలల దొప్పల్లో తెల్లకలువలు. అన్నిటి నడుమ పాలరాతి గట్టు మీద ఒకే ఒక్క గుబురు, దాని కొసలన నీలి మంటలు నిలబెట్టినట్టు నీలజ్వాల పూలు. గాలి వీస్తే ఆ మంటలు ఊగుతాయి గాని ఆరవు. ఆ పరిమళం సోకిన వెంటనే మూడు రోజుల ప్రయాణపు అలసట కేతకి ఒంట్లోంచి ఎగిరిపోయింది.

తోట చుట్టూ ముళ్లకంచె. మనిషెత్తు పొదలు పదహారు. వాటి మొదళ్ల దగ్గర పడి ఉన్నవి చూసి ఆమె అడుగు ఆగింది. ఒక పొద కింద తుప్పుపట్టిన పూలకత్తి. మరోదాని కింద చిరిగిన వెదురుబుట్ట. ఇంకొకదాని కింద దండలు గుచ్చే పొడవాటి సూది, దానికి ఇంకా దారం ఉంది.

"ఇవేంటి?" అంది గొంతు బరువు చేసుకుని.

ద్వారపాలకుడు గర్వంగా నవ్వాడు. "నీకంటే ముందొచ్చిన మాలాకారులు. మా దొర సభలో పూలు సాయంత్రం దాకా నిలపలేకపోయారు. అందుకని ముళ్లపొదలుగా మార్చి కంచెలో నిలబెట్టాడు."

కేతకి అరచేతుల్లో గోళ్లు దిగాయి. యుద్ధానికి వచ్చినవాళ్లు కారు వీళ్లు. ఎవరింట పెళ్లి అయినా తెల్లవారుజామునే లేచి, మంచులో తడిసి పూలు కోసి తెచ్చినవాళ్లు. పువ్వుకు నొప్పి కలగకూడదని గోటితో గిల్లకుండా కత్తితో కోసేవాళ్లు.

భస్మజిహ్వుడు సభ మధ్య నల్లరాతి సింహాసనం మీద కూర్చుని ఉన్నాడు. ఎండిన జిల్లేడు కాయలాంటి మొహం, మాట్లాడినప్పుడల్లా నోట్లోంచి బూడిద రంగు నాలుక, దాని వెంట సన్నటి పొగ. అతని కాళ్ల ముందు హోమగుండం భగభగ మండుతోంది. పక్కనే బంగారు పళ్లెంలో కుప్పగా పండ్లు. పసుపు తోలు మీద ఊదా చారలున్నవి.

"పశ్చిమ దేశపు మాలాకారుడివా? ఇదిగో సభ, అవిగో పూలు" అన్నాడు. "పొద్దుగుంకేదాకా ఒక్క రేకు రాలకూడదు. నిలిచాయా, కోరుకున్నది ఇస్తా. రాలాయా, కంచెలో ఒక సందు మిగిలే ఉంది. ఆ, ఇంకోమాట. నా పండ్ల పళ్లెం మాత్రం కదల్చకూడదు. తాకితే ముల్లే."

కేతకి పూలవైపు చూసింది. చూడగానే కోపంతో తల తిరిగినంత పనైంది. కోసిన కలువలు, సంపెంగలు, చేమంతులు ఒకదాని మీద ఒకటి కుప్పపోసి ఎండలో పడేసి ఉన్నాయి. పక్కనే వరసగా పెట్టిన ఇత్తడి గుండిగల్లో వేలు పెడితే జారేంత పాచి.

"ఈ గుండిగలు ఎవరు కడిగారు?" అని గద్దించింది.

పరిచారకులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "పూలకే గదా అని కడగలేదు" అన్నాడొకడు.

"పూలకే గదా అంటావా? నీకు నిన్నటి ఎంగిలి గిన్నెలో అన్నం పెడితే తింటావా? పాచినీళ్లలో పెడితే కాడ నోరు మూసుకుపోతుంది. దాహంతో చస్తుంది, పాపం, నీళ్లలో నిలబడే చస్తుంది! చింతపండు తే. బూడిద తే. నీ మొహం నీకు కనపడేదాకా తోము."

భస్మజిహ్వుడు కిచకిచ నవ్వాడు. తన మనుషులను ఇలా తిట్టే ధైర్యం ఇంతవరకు ఎవరికీ లేదు. వేడుకగా ఉందతనికి.

గుండిగలు అద్దాల్లా మెరిశాక కేతకి గండన్న కావడిలోంచి ఊటనీళ్లు పోయించింది. ప్రతి గుండిగలో చిటికెడు పటికబెల్లం, రెండు చుక్కల నిమ్మరసం. పూలను నీడకు లాగించి, కాడలకు అడుగున ఉన్న ఆకులన్నీ దూసేసింది. నీళ్లలో మునిగిన ఆకు కుళ్లి నీళ్లను కుళ్లిస్తుంది. తరవాత ఒక్కో కాడనూ నీళ్లలో ముంచి, నీళ్లలో ఉండగానే ఏటవాలుగా కోసింది. గాలిలో కోస్తే కాడలోకి గాలిబుడగ దూరి నీళ్లను అడ్డుకుంటుందని ఆమెకు ఆరేళ్లప్పుడే తండ్రి చూపించాడు. అప్పుడు ఆయనకు పది వేళ్లూ ఉన్నాయి.

పని చేస్తున్నంతసేపూ ముక్కుకు ఏదో తియ్యటి వాసన తగులుతూనే ఉంది. మగ్గిన పండ్ల వాసన. ఆ వాసన ఆమెకు తెలుసు. ఎక్కడ?

పట్టాభిషేకం నాడు! ఉత్తర దేశపు రాజు ఎవరో పంపారని సింహాసనం పక్కన ఒక పండ్లబుట్ట పెట్టారు. పసుపు తోలు, ఊదా చారలు. దవనయ్య మూడుసార్లు మహారాజు ముందు చేతులు జోడించాడు. 'ప్రభూ, మగ్గిన పండు పక్కన పువ్వు నిలవదు. పండు వదిలే గాలికి పువ్వు ముసలిదైపోతుంది. ఆ బుట్ట అవతల పెట్టించండి' అన్నాడు. మహారాజు విసుక్కున్నాడు. 'రాజులు పంపిన కానుకను నీ పూల కోసం గెంటేయాలా?' అన్నాడు.

కేతకి చేతిలోని చేమంతి కాడ పుటుక్కున విరిగింది. తెలుసు. మహారాజుకు నాన్న ముందే చెప్పాడు. చెప్పిన నోరు మరిచిపోయి, దండ కట్టిన చేయి నరికించాడు!

భస్మజిహ్వుడు ఆమె చూపు ఎటుందో కనిపెట్టాడు. "వాసన పట్టావే! నీకు ముందొచ్చిన పదహారు మందీ నీళ్లు చూశారు, ఎండ చూశారు, ఒక్కడూ ముక్కుతో చూడలేదు. మామూలు పండు రెండు రోజుల్లో చేసేది నా మంత్రం ఊదిన పండు జాములో చేస్తుంది. పూలనే కాదు, పూలు మెడలో వేసుకున్నవాళ్లను కూడా" అన్నాడు తన తెలివికి తానే మురిసిపోతూ. "అయినా పళ్లెం కదల్చకూడదు. గుర్తుంది కదూ?"

అంటే పందెం మొదటి నుంచీ మోసమే. పళ్లెం ఎత్తి వాడి నెత్తిన బోర్లించాలని చేతులు దురదపెట్టాయి. కాని కేతకి గోడల వైపు తిరిగింది. పడమటి గోడకు మూడు కిటికీలు, మూసి ఉన్నాయి. తూర్పున వాకిలి.

"పళ్లెం కదల్చను దొరా. కిటికీలు తెరుస్తా. వద్దని మీరు చెప్పలేదు."

కొండగాలి హోరున లోపలికి వచ్చి, పండ్ల వాసనను తోసుకుంటూ వాకిట్లోంచి బయటికి పోయింది. కేతకి గుండిగలన్నిటినీ పడమటి కిటికీల దగ్గరే చేర్చింది.

"సింహాసనానికి ఒక పక్కనే పూలా? రెండో పక్క బోడిగా ఉండదూ?" అన్నాడు మాంత్రికుడు మొహం చిట్లించి.

"తక్కెడలో రెండు పక్కలా ఒకే బరువు ఉండాలి దొరా, ఒకే సరుకు అక్కర్లేదు. అటు మీ రాతి సింహాసనం ఉంది, నల్లగా, బరువుగా. దానికి సరితూగేలా ఇటు ఎత్తు లేపుతా, చూడండి."

గుండిగ ఎత్తుకు ఒకటిన్నర రెట్లు ఉండే సంపెంగ కొమ్మను వెనక నిలబెట్టింది. దానికంటే పొట్టివి రెండు, ఒకటి కిటికీ వైపు వంగి, ఒకటి సింహాసనం వైపు చేయి చాచినట్టు. నిండుగా విచ్చిన పూలు కింద, మొగ్గలు పైన. బరువు కిందికి దిగాలి, చూపు పైకి ఎక్కాలి. పరిచారకుడు ఖాళీ కనపడిన ప్రతిచోటా చేమంతులు కుక్కబోతే చేతి మీద ఒకటిచ్చింది.

"ఆ ఖాళీ నాది. పూల మధ్య గాలి ఆడకపోతే అది అలంకారం కాదు, గడ్డిమోపు."

నల్లటి ఆ గదిలో తెల్లకలువలు, తేనెరంగు సంపెంగలు ఎక్కడో తెల్లవారుతున్నట్టు నిలబడ్డాయి. భస్మజిహ్వుడి నోట్లోంచి వచ్చే పొగ కూడా ఒక క్షణం ఆగింది.

"ఏదో తక్కువైంది" అన్నాడు చివరికి.

కేతకి ఆ మాట కోసమే కాచుకుని ఉంది. "కన్ను తిరిగి తిరిగి వచ్చి ఆగడానికి ఒక చోటు కావాలి దొరా. అన్నీ దాసీలే ఉన్నాయి, రాణి లేదు. మీ తోట నడుమ ఉన్న నీలి పువ్వు ఒక్కటి ఇక్కడ, మూడో వంతు ఎత్తులో పెడితే..."

మాంత్రికుడు పగలబడి నవ్వాడు. "కోసుకో! అది గడియలో చస్తుంది. చచ్చిన రేకు రాలితే నువ్వు ఓడినట్టే. ముచ్చటగా ఉంది, నీ అంతట నువ్వే కంచెలోకి నడుస్తున్నావు!"

నీలజ్వాల కాడ మీద కత్తి పెట్టగానే చిక్కటి తెల్లటి పాలు ఉబికాయి. అది చూసి కేతకికి ఒక్కసారిగా అంతా తేటపడింది. పాలు కారే కాడ! ముందొచ్చిన వీరులందరూ దాన్ని హడావిడిగా నీళ్లలో పెట్టి ఉంటారు. నీళ్లలో పాలన్నీ కారిపోయి, కాడ గొంతు పూడుకుని గడియలో చచ్చి ఉంటుంది. ఆమె పరుగున సభలోకి వచ్చి, కాడ తెగిన కొసను హోమగుండం నిప్పుకు చూపి, పది లెక్కపెట్టేదాకా కాల్చింది. కొస నల్లగా మూసుకుంది. పాలు ఆగాయి. అప్పుడు నీళ్లలో నిలబెట్టింది.

గడియ గడిచింది. నీలి మంట ఊగుతూనే ఉంది. రెండో గడియ గడిచింది. భస్మజిహ్వుడు సింహాసనం దిగాడు. మూడో గడియకు పువ్వు ఇంకో రేకు విప్పింది.

"ఎలా?" అన్నాడు. గొంతులో నవ్వు లేదు. "నూరేళ్లుగా నా తోటలో ఉన్న పువ్వు! నాకే తెలియనిది నీకెలా తెలుసు?"

అక్కడ నోరు మూసుకుని, గెలిచిన వరంగా పువ్వు అడిగి ఉంటే కథ వేరుగా ఉండేది. కాని రెండు నెలలుగా మింగుకున్న కోపం ఇక ఆగలేదు.

"నీకెందుకు తెలుస్తుంది? నీకు చంపడం ఒక్కటే తెలుసు!" అని అరిచింది కేతకి. "ఇది మా ఇంట్లో ఉగ్గుపాల పిల్లకు తెలుసు. నాకు నేర్పినవాడి వేలు నీ దిక్కుమాలిన పండ్లబుట్ట వల్ల తెగిపోయింది. తెలుసా నీకు? వెయ్యి మూరల పందిరి కట్టిన చేయి ఇవాళ అన్నం ముద్ద కలుపుకోలేకపోతోంది!"

అరుపుకు మీసం సగం ఊడి వేలాడింది.

"రత్నమేఖల పిల్లవా!" భస్మజిహ్వుడి నాలుక బారెడు బయటికి వచ్చింది. దాని వెంట పొగ పాములా లేచి ఆమె మెడ వైపు దూకింది. కేతకి చేతివేళ్ల కొసలు గట్టిపడ్డాయి. గోళ్ల చివర్లు ముళ్లలా సాగాయి.

"అమ్మాయీ, పక్కకు!" మూగవాడు గర్జించాడు.

గండన్న కావడి బద్దను గిరగిరా తిప్పి, రెండు కుండల్లో మిగిలిన నీళ్లన్నీ హోమగుండంలో కుమ్మరించాడు. బుసబుసమంటూ ఆవిరి లేచి సభంతా కమ్మేసింది. మంట ఆరడంతోనే మంత్రం తెగింది; కేతకి వేళ్లు మళ్లీ వేళ్లయ్యాయి. ఆవిరిలో తడుముకుంటూ ఆమె నీలజ్వాలను అందుకుంది. గండన్న ఒక భటుణ్ని పండ్ల పళ్లెం మీదికి, ఇంకొకణ్ని ఆ భటుడి మీదికి విసిరి, ఆమె చేయి పట్టి లాగాడు. ఆమె విదిలించుకుంది, కాని అతని వెనకే పరిగెత్తింది.

తోటలో భటులు ఇరవైమంది బల్లేలు చాచి అడ్డం నిలిచారు. వెనక ముళ్లకంచె. దాటే దారి లేదు.

అప్పుడు కంచె కదిలింది. గుండం ఆరిపోయిన ఆ కొద్దిసేపే పొదలకు ప్రాణం వచ్చింది. పదహారు ముళ్లపొదలు నడుములు వంచి కేతకికి దారి ఇచ్చాయి. ఆమె దాటగానే భటుల మీద విరుచుకుపడి చుట్టుకున్నాయి. ఒక పొదలోంచి గాజులున్న చేయి ఒకటి బయటికి వచ్చి కేతకి మణికట్టును తాకింది. వేళ్ల కొసల మీద ఏళ్ల తరబడి దారం కోసిన గాట్లు.

"అమ్మా, ఏ ఊరు మీది? పేరు చెప్పండి!" అని కేతకి ఆ చేతిని పట్టుకుంది.

పొదలోంచి మాట రాలేదు. లోపల గుండం మళ్లీ రాజుకున్నట్టుంది. పట్టుకున్న చేతిలోనే ఆ వేళ్లు ముళ్లుగా మారి కేతకి అరచేతిలో దిగాయి.

"మళ్లీ వస్తా" అంది కేతకి రక్తం కారుతున్న చేయి తీసి. "మీ పదహారు మందినీ విడిపించకపోతే నేను పూలు ముట్టను."

చెట్ల చాటున కట్టేసిన గుర్రాలెక్కేముందు ఆమె వెదురుగొట్టంలో బెల్లపు నీళ్లు నింపి, నీలజ్వాలను దూదితో బిగించి, చుట్టూ తడిపిన అరటిదొప్ప చుట్టింది. తరవాత మూడు రోజులు ఆ గొట్టమే ఆమెకు దేవుడు. పూటకోసారి నీళ్లు మార్చింది. ఎండ తగలనివ్వలేదు. ఎండ పడే వైపున గుర్రం నడుపుతూ గండన్న తన భారీ నీడను పువ్వు మీద పడేలా చూసుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే. వేడి ఆవిరికి అతని చేతులు రెండూ బొబ్బలెక్కి ఉన్నాయి. కళ్లెం పట్టుకోలేక మోచేతికి చుట్టుకున్నాడు.

రెండో రోజు ఒక వాగు దగ్గర అతను అన్నాడు: "అమ్మాయీ, ఆ రోజు... కత్తి బాగా నూరి తెచ్చానమ్మా. మీ నాయనకు బాధ తక్కువుండాలని."

కేతకి గిర్రున తిరిగింది. "దండం పెట్టమంటావా? నీ దయకు పాట కట్టి పాడమంటావా?"

"వద్దు."

"మరి?"

"తప్పు చేశాను. రాజు చెప్పాడు, చేశాను. ఆ బుట్ట సంగతి మీ నాయన చెప్పడం నేనూ విన్నా. పక్కనే నిలబడి ఉన్నా. నోరు తెరవలేదు." గండన్న తల దించుకున్నాడు. "మూగ వేషం నాకు కొత్త కాదమ్మా."

కేతకి క్షమించలేదు. కాసేపటికి తన పైగుడ్డ చింపి, నీళ్లలో తడిపి, అతని ఒళ్లోకి విసిరింది. "చేతులకు చుట్టుకో. కళ్లెం జారితే పువ్వు మీద నీడ పోతుంది" అంది.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం వేణుమతి నది రేవు కనిపించింది. అవతలి ఒడ్డు రత్నమేఖల. రేవులో వంద గుర్రాలు, ముందు దళవాయి బొప్పన.

"భేష్, పువ్వు తెచ్చావా!" అంటూ బొప్పన మోకాలి లోతు నీళ్లలో గుర్రం దింపి ఇవతలికి వచ్చాడు. "ఇలా ఇయ్యి. మహారాజు ఏనుగు అంబారీ పంపారు. మేళతాళాలతో నగరంలోకి తీసుకెళ్లాలి. నువ్వు వెనక నడిచి రా."

"మా నాన్నను వదిలారా?"

బొప్పన తల అటూ ఇటూ ఊపాడు. "ఆ ఆజ్ఞ రాలేదు. రాకుమారి లేచాక ఆలోచిస్తారట. పట్టాభిషేకం చెడగొట్టిన నేరం ఎక్కడికీ పోలేదు కదా!"

కేతకి గుర్రం దిగి, నది ఒడ్డున బండరాయి మీద కూర్చుని, వెదురుగొట్టంలోంచి నీలజ్వాలను బయటికి తీసింది. రేవంతా పరిమళం పరుచుకుంది. గుర్రాలు సకిలించడం మానేశాయి. ఆమె కాడ మధ్యలో కత్తి ఆనించింది.

"ఇక్కడ కోస్తే పాలు కారతాయి దళవాయీ. కారడం మొదలైతే గడియ. నగరం ఇక్కడికి రెండు గడియల దూరం. నీ అంబారీ ఏనుగుకు ఎంత పడుతుందో నాకు తెలియదు."

"పిచ్చిదానా! అవతల రాకుమారి ప్రాణం..."

"రాకుమారి కోసమే మూడు రోజులు నిద్ర మాని తెచ్చాను. చిన్నప్పుడు మా అరుగు మీద కూర్చుని నాతో మరువం గిల్లిన పిల్ల అది. ఆ పిల్ల ప్రాణం మీద నాకున్న ఆశ మీ మహారాజుకు ఉంటే వెంటనే వస్తాడు." ఆమె గొంతు పెంచింది, అవతలి ఒడ్డున ఉన్న సైనికులందరికీ వినపడాలని. "మా నాన్నను తీసుకుని రమ్మనండి. పండ్లబుట్ట తీయమని మూడుసార్లు మొత్తుకున్నవాణ్ని నరికించానని మీ అందరి ముందూ చెప్పమనండి. అంబారీ మీద కాదు. నడిచి రావాలి!"

బొప్పన కత్తి దూశాడు. "ఒరే గండా! పట్టుకో దాన్ని!"

తలారి గండన్న గుర్రం దిగాడు. తడిగుడ్డలు చుట్టిన చేతులతో కావడి బద్ద తీసుకుని నడిచి వచ్చి, కేతకికి వీపు చూపి, దళవాయికి ఎదురు నిలబడ్డాడు.

"బుట్ట సంగతి నేనూ విన్నా దొరా. సాక్ష్యం చెప్తా. రాజును పిలిపించండి" అన్నాడు. వంద గుర్రాల మీద ఉన్న వంద మందీ ఆ మాట విన్నారు. ఎవరూ ముందుకు కదలలేదు. చివరికి వరసలోంచి ఒక రౌతు, దళవాయి ఆజ్ఞ కోసం చూడకుండానే, గుర్రం తిప్పి నగరం వైపు దౌడు తీశాడు.

కేతకి బండరాయి నీడలో గొట్టం నీళ్లు పారబోసి కొత్త నీళ్లు నింపింది. పువ్వు అంచున ఒక రేకు సన్నగా ముడుచుకోవడం మొదలైంది. చెకుముకి రాళ్లు కొట్టి చిన్న మంట చేసి, కాడను కొస నుంచి బెత్తెడు పైకి ఏటవాలుగా కోసి, కొస కాల్చింది. మళ్లీ కోయడానికి కాడ ఇక మిగల్లేదు.

"అమ్మాయీ" అన్నాడు గండన్న, తల తిప్పకుండానే. "ఉత్తరం వైపు చూడు."

వాళ్లు వచ్చిన దారిన, కొండల మీదుగా, నల్లటి పొగ ఒకటి పడగ విప్పి నేరుగా రేవు వైపు వస్తోంది. దాని కింద చెట్లు ఒక్కొక్కటే ఆకులు రాల్చేస్తున్నాయి. దక్షిణాన నగరం దారిలో ఇంకా ధూళి లేవలేదు.

కేతకి పువ్వును గుండెకు అదుముకుని లేచి నిలబడింది.

"రాజు నడిచే రావాలి" అంది.